ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటలో

ఈస్టర్ దగ్గర పడిందంటే కరీంనగర్, గోదావరిఖని, మంచిర్యాలల్లోని క్రైస్తవ సమాధుల తోటల్లో గడ్డి పీకడం, సున్నాలు వేయడం మొదలవుతుంది. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే కుటుంబాలు బంతిపూలు, కొవ్వొత్తులతో వస్తాయి. పాట పాడుకుని, ప్రార్థన చేసుకుని, తెల్లవారాక గుడికి పోతాయి. ఇదే కరీంనగర్‌లో, కార్ఖానాగడ్డ శ్మశానంలో, కొన్ని దళిత కుటుంబాలు దీపావళిని సమాధుల దగ్గరే చేసుకుంటాయి. అక్కడ దీపాలు వెలిగించి, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పెడతారు. పైకి రెండు పండుగలూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఈస్టర్‌కు వచ్చినవాళ్లు మాత్రం ఏమీ వండి పెట్టరు. ఇక్కడ పడుకున్న మనిషి ఒకనాడు దేహంతో లేస్తాడని పదిమందిలో చెప్పుకుని పోతారు.

ఈ నమ్మకం పుట్టింది చిత్రహింసల కాలంలో. క్రీస్తుపూర్వం 167 ప్రాంతంలో సిరియా రాజు నాలుగో ఆంటియోకస్ యెరూషలేము ఆలయాన్ని అపవిత్రం చేసి, యూదులు తమ ధర్మశాస్త్రాన్ని పాటించకుండా నిషేధించాడు. కాదన్నవాళ్లను చంపించాడు. మంచివాడికి ఈ లోకంలోనే మేలు జరుగుతుందన్న పాత లెక్క అక్కడ తప్పింది. మట్టిలో నిద్రించేవాళ్లు మేల్కొంటారని దానియేలు గ్రంథం చెప్పింది ఆ రోజుల నేపథ్యంలోనే అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. రెండవ మక్కబీయుల గ్రంథంలో ఒక తల్లి, ఆమె ఏడుగురు కొడుకుల కథ ఉంది. మూడో కొడుకు చేతులు చాపి, ఇవి దేవుడిచ్చినవే, మళ్లీ ఆయన దగ్గరే తీసుకుంటానంటాడు. అతను ఆశపడింది ఆత్మ శాంతి కోసం కాదు, నరికేయబోతున్న ఆ చేతుల కోసం.

యేసు కాలానికి యూదుల్లో పరిసయ్యులు ఈ పునరుత్థానాన్ని నమ్మేవాళ్లు, సద్దూకయ్యులు కొట్టిపారేసేవాళ్లు. యేసు సమాధి ఖాళీ అయిందని శిష్యులు చాటాక చర్చ మలుపు తిరిగింది. యుగాంతంలో జరగాల్సింది ఒక్కడి విషయంలో ముందే జరిగిందన్నది వాళ్ల సాక్ష్యం. క్రీస్తుశకం 55 ప్రాంతంలో పౌలు ఈ సంగతి కొరింథు సంఘానికి రాశాడు. ఆత్మ చావదన్న ఆలోచన గ్రీకులకు కొత్త కాదు. శవం లేవడమే వాళ్లకు మింగుడుపడలేదు. పౌలు విత్తనాన్ని చూపించాడు: నాటింది గింజే, పైకొచ్చేది మొలక. రెండింటికీ పోలిక లేకున్నా అది ఇదే. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ మృతుల పునరుత్థానాన్ని విశ్వాస ప్రమాణంలో చేర్చింది.

మరి చావుకూ లేచే రోజుకూ నడుమ ఆత్మ ఎక్కడుంటుంది? ఇక్కడే దారులు చీలాయి. ఆత్మ ఉత్తరించు స్థలంలో శుద్ధి పొందుతుందని, బతికున్నవాళ్ల ప్రార్థన దానికి తోడవుతుందని కతోలికులు నమ్మారు. ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠాధిపతి ఓడిలో 998లో నవంబర్ 2ను మృతులందరి కోసం ప్రార్థించే రోజుగా పెట్టాడు. ఆ ఆత్మల పేరుమీద పాపపరిహార పత్రాలు అమ్మడంపై 1517లో లూథర్ తిరగబడ్డాడు. పోయిన విశ్వాసి నేరుగా ప్రభువు దగ్గరే ఉంటాడు కాబట్టి అతని కోసం ప్రార్థించే పనిలేదని ప్రొటెస్టెంట్లు తేల్చారు. ఆ తేడా నేటికీ మన ఊళ్లలో చేతిలో ఉన్న బైబిల్లోనే కనిపిస్తుంది. ఏడుగురు కొడుకుల కథ, మృతుల కోసం చేసిన ప్రార్థన ఉన్న మక్కబీయుల గ్రంథం కతోలికుల 73 పుస్తకాల్లో ఉంది, ప్రొటెస్టెంట్ల 66లో లేదు.

తెల్లవారుజామున సమాధుల దగ్గర ఆరాధన చేసే పద్ధతికి మొదటి ఆనవాలు జర్మనీలోని హెర్న్‌హూట్ అనే పల్లెలో దొరుకుతుంది. మొరేవియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు 1722లో కట్టుకున్న ఊరది. 1732 ఏప్రిల్ 13న, ఈస్టర్ నాడు, అక్కడి పెళ్లికాని యువకులు కొందరు పొద్దు పొడవకముందే కొండమీది సమాధుల తోటకు పోయి పాటలు పాడారు. మరుసటేడు నుంచి ఊరంతా వెళ్లింది.

1738 ఆగస్టులో ఇంగ్లండ్ బోధకుడు జాన్ వెస్లీ ఆ ఊరు చూడటానికి పోయాడు. ఒక పసివాడి భూస్థాపన జరుగుతుండగా, గోరీని చూస్తూ నిలబడ్డ తండ్రిని పలకరించాడు. ఆయనొక దర్జీ. ప్రభువు బిడ్డ ఆత్మను తన దగ్గరికి తీసుకున్నాడని, దేహాన్ని మట్టికి అప్పగించానని, అది లేచిననాడు తామిద్దరం ప్రభువుతోనే ఉంటామని ఆయన చెప్పిన జవాబును వెస్లీ తన దినచర్యలో రాసుకున్నాడు. ఆత్మ సంగతి, దేహం సంగతి రెండూ ఆ దర్జీ మాటలో ఉన్నాయి.

ఆ వెస్లీ పేరుతో నడిచిన మిషన్ 1870ల చివర్లో సికింద్రాబాద్ చేరి, 1880ల్లో కరీంనగర్ వైపు వచ్చింది. 1947లో అది దక్షిణ ఇండియా సంఘంలో (సీఎస్ఐ) కలిసింది. మిషన్‌లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాలవాళ్లు. వాళ్లకు పూడ్చిపెట్టడం కొత్త కాదు, అంతకుముందూ చాలావరకు పూడ్చేవాళ్లే. మారింది గోరీ చుట్టూ జరిగే తంతు. మూడోనాడు పిట్టకు పెట్టుడు, పెత్రమాసకు పెద్దల పేర బియ్యమిచ్చుడు ఉన్నచోట ఆదరణ కూడిక, జ్ఞాపకార్థ కూడిక వచ్చాయి. పోయినవాళ్లకు ఆకలి తీర్చాలన్న బాధ్యత తీరి, వాళ్ల కోసం ఎదురుచూడటం మొదలైంది.

ఆదిలాబాద్ వైపు మరో దారి. 1962లో మహారాష్ట్రలోని చాందా కేంద్రంగా కేరళ సీరో మలబారు కతోలికుల మిషన్‌కు ఈ ప్రాంతం అప్పగించారు. 1999లో మంచిర్యాల కేంద్రంగా ఆదిలాబాద్ మేత్రాసనం ఏర్పడింది. ఈ తూర్పు సంప్రదాయంలో మృతులందరినీ తలుచుకునే రోజు ఈస్టర్ ముందటి పెద్ద ఉపవాసానికి ముందొచ్చే శుక్రవారం. ఇక్కడ పోయినవాళ్ల కోసం ప్రార్థిస్తారు, సీఎస్ఐ గుడిలో ప్రార్థించరు. శరీరం లేస్తుందన్న దగ్గర మాత్రం రెండు గుళ్లూ ఒక్కటే.

ఎముకలు చెదిరితే ఎట్లా అన్న అనుమానం పాతదే. దహనం పునరుత్థానానికి అడ్డు కాదని వాటికన్ 1963లో అనుమతించింది. లేపేవాడు బూడిద లెక్క చూసుకోడన్నది దాని వెనకున్న ఆలోచన.

అయినా ఆదరణ కూడికల్లో ఎక్కువగా వినబడేది ‘పరలోకం పోయిండు’ అన్న మాట. అక్కడితో ఆపితే సగమే చెప్పినట్టు. ముట్టుకుంటే మైల అని తరతరాలు దూరం పెట్టిన దేహాలు ఈ తోటల్లో చాలా ఉన్నాయి. ఆత్మ క్షేమంగా ఉందంటే ఆ దేహానికి జరిగిన అన్యాయం అట్లాగే మిగిలిపోతుంది. అదే దేహాన్ని దేవుడు మహిమతో నిలబెడతాడన్నప్పుడే, చేతులు చాపిన ఆ కొడుకు అడిగిన న్యాయం వీళ్లకూ దక్కుతుంది.