రామదాసు చెప్పిన నగల లెక్క



ప్రవచనములకై మేము వెళ్లిన ఊళ్లలో తఱచుగా వినుచున్న మాట యొకటి కలదు. "ఇన్ని వ్రతములు చేసితిమి, ఇన్ని ముడుపులు చెల్లించితిమి, అయినను మాకే ఈ కష్టమేల?" ఈ ప్రశ్న నేడు పుట్టినది కాదు. మూడువందల యేండ్లకు పూర్వమే గోలకొండ చెఱసాలలో ఒక మహాభక్తుని నోట వెలువడినది.

నేలకొండపల్లి వాస్తవ్యుడు కంచెర్ల గోపన్న. గోలకొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఏలుబడిలో (1672-1687) పాల్వంచ పరగణాకు తహసీలుదారు. తానీషా కొలువున మంత్రాంగము నెఱపిన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. భద్రాద్రిపై శ్రీరామునకు ఆలయము కట్టించి, నగలు చేయించి, అందులకు సర్కారు శిస్తు సొమ్ము వెచ్చించెనని ఆయన చెఱపాలయ్యెను. ఆ చెఱ పన్నెండేండ్లని సంప్రదాయము.

ఆ చెఱలో పాడినదిగా ప్రసిద్ధి కెక్కిన 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తనలో రామదాసు స్వామికి పద్దు ఒప్పజెప్పినాడు. ప్రాకారమున కింత, భరతుని పతకమున కింత, సీతమ్మ చింతాకు పతకమున కింత యని వరహాలలో, మొహరీలలో లెక్క చెప్పి, స్వామినే నిలదీసినాడు.

ఇది చనువా, హక్కా? రెండును కలవని మా అభిప్రాయము. నొప్పికి తాళలేని బిడ్డ తండ్రిని నిందించుట చనువు. అది దోషము కాదు. ఇచ్చినదానికి వెలకట్టి బదులు కోరుట హక్కు, అది నిలువదు. ఆ సొమ్ము గోపన్నది కాదు, రైతులు చెల్లించిన శిస్తు. రైతునకు పంట, పంటకు వాన ఎవరిచ్చిరి? ఇట్లు వెదకికొని పోయినచో ఇచ్చినవాడును స్వామియే, పుచ్చుకొన్నవాడును స్వామియే. నడుమ మోసినవాడు గోపన్న. మోయగలుగుటయే ఆయన భాగ్యము.

రామదాసు గొప్పతనము తరువాతి మాటలో నున్నది. ఆ కీర్తన ముగియకముందే, దెబ్బల కోర్వలేక తిట్టితినని విన్నవించి, మనసున పెట్టుకొనవలదని వేడుకొన్నాడు. లెక్క చెప్పిన నోటనే శరణాగతియు పలికినది.

రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి పైకము చెల్లించిరనియు, ఆ దర్శనము తానీషాకే దక్కెననియు జనశ్రుతి. లెక్క చెప్పి అడిగినవానికి దక్కనిది, అడుగనివానికి దక్కినది. అనుగ్రహము మన జమాఖర్చులకు లొంగదు.

కృతమును, అనగా చేసిన మేలును, ఎఱిగినవాడు కృతజ్ఞుడు. వాల్మీకి నారదుని అడిగిన సద్గుణములలో ఇదియు నొకటి. ఆ గుణము గలవానిగా నారదుడు చూపినది శ్రీరాముని. మనము చేసిన పూవంత సేవను మరువని స్వామి యుండగా, దానికి మనమేల పద్దు వ్రాయవలెను? మనము జ్ఞాపక ముంచుకొనవలసినది ఆయన చేసిన మేలు.

1687లో గోలకొండ ఔరంగజేబు వశమైనది. శిస్తు లెక్కలడిగిన కొలువు పోయినది; రామయ్య కోవెల నిలిచినది. నేటికిని శ్రీరామనవమి కల్యాణమునకు ప్రభుత్వము ముత్యాల తలంబ్రాలు సమర్పించుచున్నది.

కావున కష్టము వచ్చినపుడు స్వామితో చెప్పుకొనుడు. చనువుతో నిష్ఠురము లాడుడు. ముడుపు లెక్క మాత్రము ముందుంచకుడు. కోరిక కోరుటకు ముందు, అదివఱకే అందిన మేలు ఒక్కటి తలచుకొని నమస్కరింపుడు.

స్వస్తి.