తాళం పట్టిన చేతుల నుంచి చిందు తొక్కే కాళ్ల దాకా

కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప 1253-54లో రాసిన నృత్తరత్నావళిలో ఎనిమిది అధ్యాయాలున్నాయి. చివరి నాలుగూ దేశి నృత్యాలకే ఇచ్చాడు. వాటిలో పేరిణి ఉంది, చిందు కూడా ఉంది. పేరిణి మధ్యలో తెగిపోతే నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ ఆ గ్రంథాన్నీ రామప్ప గుడి శిల్పాలనూ ఆధారం చేసుకుని మళ్లీ నిలబెట్టారు. సిరికొండ, బోధన్ ఉన్న మా నిజామాబాద్ జిల్లాలో చిందుకు ఆ అవసరం రాలేదు. చిందోళ్లు దాన్ని కాళ్లలోనే దాచుకొచ్చారు. జాయప చెప్పిందీ ఈనాటిదీ అచ్చంగా ఒకటేనని అనను. ఏడు వందల ఏళ్లు మనుషుల మధ్య బతికిన ఆట మారకుండా ఎట్లుంటుంది?

చిందోళ్లు మాదిగల ఆశ్రిత కులం. ఒక్కో కుటుంబానికి కొన్ని ఊళ్లు మిరాశీ, అంటే వంశపారంపర్య హక్కు. మాదిగవాడలో వాళ్ల పుట్టుక కథ అయిన జాంబపురాణం చెప్పడం, ఎల్లమ్మ దేవత వేషం కట్టడం చిందోళ్ల హక్కు. ఇంటిల్లిపాదీ ఒకే మేళం. పొనికి కర్రతో చెక్కిన కిరీటాలు, భుజకీర్తులు, ముఖానికి అర్దళం అనే పసుపు రంగు. పిల్లలకు వేరే బడి ఉండదు. తాళం పట్టుకుని వంత పాడుతుంటే పెద్దల దరువులు చెవికెక్కుతాయి. ఆ తర్వాత చిన్న వేషం, ఇంకొన్నేళ్లకు రాజు వేషం.

ఈ చదువంతా, వేషం మొదట రంగంలోకి వచ్చే ప్రవేశ దరువులో కనబడుతుంది. ఇద్దరు తెర పట్టుకుంటారు. వెనక గజ్జెల మోత. వేషం గొంతెత్తగానే మద్దెల అందుకుంటుంది. తెర తీస్తే ముందడుగు, వెనకడుగు, గిర్రున తిరిగి ఒక ఎగురు. ఎన్ని చుట్లు తిరగాలో ఎక్కడా రాసిలేదు. మద్దెల ఊపు, జనం ఊపు చూసి వేషధారే తేల్చుకోవాలి. అందుకే తల్లి చిందు బిడ్డ తొక్కితే తాళం తప్పదు గానీ పోకడ మారుతుంది. అది తప్పు కాదు, విద్య వంటబట్టిందనడానికి గుర్తు.

బోధన్ దగ్గరి అమ్దాపూర్ కళాకారిణి చిందుల ఎల్లమ్మే ఈ విద్యకు సాక్ష్యం. కూచిపూడి మేళాల్లో మగవాళ్లే సత్యభామ కట్టిన రోజుల్లో, ఇక్కడ ఆమె ఆడవేషాలతో పాటు మగవేషాలూ కట్టి మెప్పించింది. హంస పురస్కారం అందుకుంది. 2005లో కన్నుమూసింది. ఆట ఆమెతో ఆగలేదు; 2024లో జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది.

రాత్రంతా సాగే ఆటను గంటలో ముగించమని సభల్లో అడిగితే కథను కుదించండి, పద్యాలు తగ్గించండి. ప్రవేశ దరువును మాత్రం ముట్టొద్దు. వెనక తాళం పట్టుకున్న పిల్ల, ఎప్పుడు ఎగరాలో నేర్చుకునేది అక్కడే.