పొగలేని పొయ్యి: హైదరాబాదు ప్రయత్నముల చరిత్ర

తెలుగునాట ఇల్లు కట్టువారు ఆగ్నేయమూలను వంటకు విడుచుట పూర్వాచారము. అగ్నికి ఆ విధముగా దిక్కు దొరికినది గాని పొగకు మాత్రము దారి దొరకలేదు. మూడు రాళ్ళో, మట్టితో మెత్తిన పొయ్యియో, దాని ముందు ఊదుగొట్టము పట్టి కూర్చున్న ఇల్లాలో, ఈ దృశ్యము తరతరములుగ మారలేదు. పత్తికట్టె, కందికంప, పిడకలు, వానకాలమున తడిసిన తుమ్మకొమ్మలు, ఏది చేతికందిన నదియే వంటచెరకు. చూరును దూలములును మసిబారుట అందరును చూచినదే. ఆ మసి ఇల్లాలి ఊపిరితిత్తులను కూడ పట్టుచున్నదని శాస్త్రజ్ఞులు కొలిచి చెప్పుటకు చిరకాలము పట్టినది. ఆమె కన్నులు మాత్రము ఆ సంగతి ఎన్నడో చెప్పియున్నవి, వినినవారు తక్కువ.

వినిన కొలదిమందిలో హైదరాబాదు ఇంజనీరు ఒకరు కలరు. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలకు డైరెక్టరుగా నుండిన డాక్టరు ఎస్. పి. రాజుగారు ఆనకట్టలు, కాలువలు, కట్టడముల నడుమ పనిచేయుచు, పల్లెటింటి పొయ్యి కూడ ఇంజనీరు పట్టించుకొనదగిన యంత్రమే యని తలచిరి. అంతకుముందే, 1934లో స్థాపితమైన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము వారు వార్ధాలోని మగన్‌వాడిలో 'మగన్ చూల' అను పొగగొట్టపు పొయ్యిని రూపొందించియుండిరి. రాజుగారి పొయ్యి ఆ కోవకు చెందినదే. పరిశోధనశాల ఆంగ్లనామపు తొలి అక్షరములను కలిపి దానిని 'హెర్ల్ చూల' యనిరి. లోకమంతటను మెరుగుపరచిన పొయ్యిలను గూర్చి వ్రాయువారు నేటికిని ఆ పేరును తలచుచుందురు. హైదరాబాదు వాసులలో దానిని ఎరిగినవారు అరుదు.

దాని నిర్మాణము చెప్పినంత తేలిక, కట్టినంత కష్టము. మట్టితో మెత్తిన పొయ్యికి ముందువైపు కట్టెలు పెట్టు నోరొక్కటే. దానిమీద మొదటి కుండ కూర్చుండును. మంట అక్కడ ఆగక లోపలి సొరంగమున సాగి రెండవ కుండను, పిమ్మట మూడవ దానిని తాకి, చల్లారిన పొగయై గోడకు ఆనించిన కాల్చిన మట్టిగొట్టము గుండ ఇంటికప్పు దాటి వెలికి పోవును. అన్నము మొదటి దానిపై, పప్పు రెండవ దానిపై, వేన్నీళ్ళు చివరి దానిపై పెట్టుకొనవచ్చును. వేడిగాలి పైకిపోవు గుణమే ఇచట ఊదుగొట్టము పని చేయును. గొట్టము నిటారుగ, తగినంత ఎత్తున ఉండినచో గాలి తానుగ లోపలికి లాగబడును. అయితే ఆ లాగుడు మితిమీరినచో మంట కుండను తాకకయే గొట్టము పాలగును. చాలనిచో పొగ తిరిగి వంటింట చేరును. అందుచేత దారికడ్డముగ ఒక పలక నుంచి, ఇల్లాలు దానిని జరుపుచు మంటను అదుపుచేయవలెను.

రాజుగారు ఈ సంగతులన్నిటిని ఒక చిన్న ఆంగ్ల గ్రంథముగ వ్రాసి 1953లో మద్రాసున ప్రకటింపజేసిరి. కోట్ల కుటుంబములకు పొగలేని వంటిండ్లు అని దాని పేరు సూచించును. పొగ, మసి, ఉక్క, వృథా, అగ్నిభయము, ఈ ఐదింటి నుండి గృహిణికి స్వేచ్ఛ కావలెనని వారి వాదము. దేశము కొత్తగ స్వేచ్ఛ పొందిన దినములలో ఆ మాట వంటింటిదాక వచ్చుట గమనింపదగినది. సభలలో స్వేచ్ఛను గూర్చి ఉపన్యసించిన పెద్దలలో ఎందరు తమ వంటింటి గడప దాటి చూచిరో చెప్పుట కష్టము.

ఆ పొయ్యి ఏల ఊరూర నిలువలేదు? కారణము శాస్త్రమున గాక సంసారమున వెదకవలెను. కుండల పరిమాణము ఇంటింటికి వేరు. కన్నము పెద్దదైనచో సందులనుండి పొగ, చిన్నదైనచో కుండ కుదురదు. ఇల్లాలు తన కుండకు తగినట్లు మట్టిని చెక్కినచో ఇంజనీరు లెక్క తప్పును. జొన్నరొట్టెకు పెనము క్రింద నేరుగ గట్టి మంట కావలెను. రెండవ కన్నముపై అది కాలదు. పూరింటి కప్పులో గొట్టమునకు రంధ్రము చేసినచో వానకు కారును, వేసవిలో నిప్పు భయము. పొగ తగిలిన గడ్డికప్పునకు పురుగు పట్టదని, చూరున కట్టిన విత్తనపు కంకులు చెడవని పల్లెవాసుల అనుభవము; పొగ పోయినచో ఆ లాభమును పోవును. మసితో గొట్టము పూడుకొనినప్పుడు దానిని ఊడదీసి శుభ్రపరచు పని ఎవరిదో ఏ ప్రణాళికలోను వ్రాయలేదు.

రెండవ ప్రయత్నము తార్నాకలో జరిగినది. హైదరాబాదు సంస్థానము 1944లో నెలకొల్పిన శాస్త్ర పారిశ్రామిక పరిశోధనశాల 1956లో కేంద్ర పరిశోధన మండలి క్రిందకు వచ్చి ప్రాంతీయ పరిశోధనశాలయై, 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యను పేర వెలయుచున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయము ప్రక్కనే దాని ఆవరణము. డాక్టరు సయ్యద్ హుసేన్ జహీర్‌గారు డైరెక్టరుగ నుండిన కాలమున అచటి శాస్త్రజ్ఞులు సింగరేణి బొగ్గును చేపట్టిరి. గాలి తగులనీయక తక్కువ ఉష్ణోగ్రతలో బొగ్గును కాచినచో తారును, వాయువును విడివడి, మిగిలిన బొగ్గు కుంపటిలో దాదాపు పొగ లేక మండును. తారునుండి రసాయనములు లాభము. ఈ పరిశోధన ఫలితముగ సింగరేణి సంస్థ మంచిర్యాల చెంత నస్పూరులో కర్మాగారమును స్థాపించినది.

ప్రయోగశాలయు గనియు చేతులు కలిపిన మేలైన భాగస్వామ్యమిది. అయినను ఆ ఇంధనము కొనువారిది, ఏరుకొనువారిది కాదు. పట్టణపు కుంపటికి అది తగినది. కట్టెలకు పైసా ఇవ్వక చేలగట్లపై ఏరి తెచ్చుకొను కూలివాని ఇంటికి ఎంత చౌకయైనను బరువే. తార్నాకకు ఎంతో దూరము లేని రామంతాపూరు, అప్పట్లో చెరువు క్రింది పల్లె, నేడు నగరమున కలిసినది. అటువంటి ఊళ్ళ వంటిండ్లను తుదకు మార్చినది నగరముతో పాటు వచ్చిన గ్యాసు బండయే.

ప్రభుత్వము 1980ల నడుమ మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమమును చేపట్టి, 2002లో ముగించునప్పటికి దేశమున మూడు కోట్లకు పైగ పొయ్యిలు కట్టించినట్లు లెక్క చూపినది. లెక్క పొయ్యిలకే గాని వాడకమునకు కాదు. వానిలో పెక్కు కొలదికాలమునకే పగిలి మూలబడినవి.

పొగను కొలుచుటయు జరిగినది. చెన్నైలోని శ్రీరామచంద్ర వైద్య కళాశాల వారు హైదరాబాదు సంస్థతోను, విదేశ విద్వాంసులతోను కలిసి నిజామాబాదు, వరంగల్లు, రంగారెడ్డి జిల్లాలలో 420 ఇండ్లలో గాలిని పరీక్షించిరి. 2004లో ప్రకటితమైన ఆ ఫలితములనుబట్టి, ఇరువదినాలుగు గంటల సగటున ఘనపు మీటరు గాలిలో లోపలికి పీల్చబడు సన్నని ధూళి గ్యాసు వాడు ఇండ్లలో 73 మైక్రోగ్రాములు, ఘన ఇంధనములు వాడు ఇండ్లలో 732 వరకును ఉండెను. వంట చేయు స్త్రీకి అందరికంటె ఎక్కువ పొగ. 2020లో ఇంటి పొగవలన లోకమున 32 లక్షలమంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

1999లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 'దీపం' పథకమున మహిళా పొదుపు సంఘముల సభ్యులకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చినది. డిపాజిట్టు ప్రభుత్వము కట్టినది. సిలిండరు నింపించు ఖర్చు మాత్రము ఇల్లాలిదే. అందుచేత పెక్కు ఇండ్లలో గ్యాసు టీకి, చుట్టములు వచ్చిన వేళకు దాచబడినది. అన్నము కట్టెల మీదనే ఉడికినది. ఈ వైనమునే దేశమంతట ఉజ్జ్వల పథకము (2016) మరల చూచినది. 2019 సెప్టెంబరునాటికి 8 కోట్ల కనెక్షన్లు ఇచ్చిన పిదపను సిలిండరు ధరయే అడ్డుగోడ.

కొనుగోలుతో పనిలేని దారి ఒకటి కర్ణాటకలోని బాగేపల్లిలో కనబడును. అది తెలుగు మాటాడు సీమ. అక్కడి చిన్నరైతులు, కూలీలు కలిసి ఏర్పరచుకొన్న కూలి సంఘము ఇంటింటికి రెండు ఘనపు మీటర్ల పేడ గ్యాసు గుంత చొప్పున 5,500 కట్టించు యోచన చేసినది. ఖర్చుకు వారు ఎన్నుకొన్న మార్గము విచిత్రము. కట్టెలు, కిరసనాయిలు మానుటచే గాలిలోనికి పోకుండ ఆగిన బొగ్గుపులుసు వాయువునకు ఐక్యరాజ్యసమితి విధానము ప్రకారము లెక్కకట్టి, ఆ లెక్కను విదేశములవారికి అమ్మిరి. 2005 డిసెంబరులో ఆ పథకము నమోదైనది. ఎరుకలేని దేశపు కర్మాగారము చేయు పొగకు మారుగ బాగేపల్లి ఇల్లాలు పొగ మానుట న్యాయమా యని ప్రశ్నించువారు కలరు; ప్రశ్న సహేతుకమే. కాని గుంతకు యజమాని ఆ కుటుంబమే. ప్రొద్దున ఆవు పేడను నీటితో కలిపి గుంతలో పోయుట, సాయంకాలము నీలిమంటపై సంగటి వండుట, మడ్డిని చేనికి తోలుట, అంతయు ఇంటిపనియే. పొయ్యి చెడిన నాడు బాగుచేయువాడు పిలిచిన దూరమున నుండుట సంఘము చేసిన గొప్ప మేలు.

పశువులు లేని ఇంటికి ఈ గుంత పనికిరాదు. నీటి ఎద్దడి ఏటా దానిని పరీక్షించును. గ్యాసు వచ్చిన పెక్కు ఇండ్లలో సైతము స్నానమునకు నీళ్ళు కాచు కాగు పెరటిలో మూడు రాళ్ళమీదనే ఉన్నది. వానకాలమున ఆ రాళ్ళ నడుమ తడికట్టెలు రగిలించుటకు ఊదుగొట్టము నేటికిని గోడకానించియే యుంచుచున్నారు.