సంకెళ్ల నుంచి సేఫ్టీ బూటు దాకా

ఆంగ్ మో కియోలో పనిచేసే మనవాళ్లకు కాలి కింద నేల ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. ఒకవైపు క్రాస్ ఐలాండ్ లైన్ స్టేషన్ తవ్వకం, ఇంకోవైపు నార్త్ సౌత్ కారిడార్, మధ్యలో ఇండస్ట్రియల్ పార్కుల షెడ్లు. బురద, తడి కాంక్రీటు, కడ్డీ ముక్కలు, మేకులు. ఈ నేల మీద పొద్దున్నుంచి రాత్రి దాకా మనల్ని మోసేది ఒక జత బూట్లు. హెల్మెట్ గురించి, హార్నెస్ గురించి టూల్‌బాక్స్ మీటింగులో రోజూ వింటాం. బూటు మాటొస్తే "వేసుకున్నావా, లేదా" అనే ప్రశ్నతో అయిపోతుంది. అది మన పనికి తగ్గదేనా, మన కాలికి సరిపోయిందా అని అడిగేవాళ్లు తక్కువ. అందుకే ఈసారి బూటు చరిత్ర రాస్తున్నాం. బూటులో ఏ భాగం ఏ పనివాడి అవసరం వల్ల పుట్టిందో తెలిస్తే, మనకు ఏది కావాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

సింగపూర్‌ను కట్టిన కాళ్లు

1825 నుంచి 1873 దాకా ఇంగ్లీషువాళ్లు భారతీయ ఖైదీలతో ఇక్కడ పని చేయించారు. వాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో ఆ ప్రెసిడెన్సీలోవే. సెయింట్ ఆండ్రూస్ కెథడ్రల్, ఇప్పుడు ప్రెసిడెంటు అధికారిక నివాసమైన ఇస్తానా భవనం, ఎన్నో రోడ్లు ఆ ఖైదీల చెమటతో లేచినవే. వాళ్లను తరగతులుగా విడదీసేవారు. కింది తరగతులవాళ్ల కాళ్లకు ఇనప సంకెళ్లు. అంటే ఇక్కడ పనికొచ్చిన మన దేశంవాళ్ల కాళ్లకు బూటు కంటే ముందు సంకెల తగిలింది.

తర్వాతి కాలం సంసూయి ఆడవాళ్లది. ముఖ్యంగా 1930లలో చైనా నుంచి వచ్చి, తలకు ఎర్రగుడ్డ చుట్టుకుని, కావడితో ఇటుకలూ మట్టీ మోసిన కూలీలు వాళ్లు. పాత టైరు రబ్బరు కోసి చేసిన చెప్పులు వేసుకునేవారు. టైరు చెప్పులంటే మన ఊళ్లలోనూ తెలియనిదెవరికి? నీళ్లకు నానదు, అరగదు, చవక. కానీ మేకు పక్కనుంచి వస్తే, రాయి పైనుంచి పడితే అది ఆపలేదు.

ఆంగ్ మో కియో టౌన్ పని 1973లో మొదలైంది. కొలతలన్నీ మీటర్లలో వేసి కట్టిన మొదటి హెచ్‌డీబీ టౌన్ ఇదే. ఇవాళ మనం ఇదే నేల కింద సొరంగాలు తవ్వుతున్నాం.

లేసు లేని బూటు ఎందుకు పుట్టింది

మన కుర్రాళ్లకు ఇంజనీర్ బూట్లంటే, అంటే మోటార్‌సైకిల్ మీద వేసుకునే పొడుగాటి తోలు బూట్లంటే, బాగా మోజు. ఈ ఇంజనీర్ అంటే ప్లాన్లు గీసే ఇంజనీరు కాదు. అమెరికాలో రైలింజను నడిపేవాణ్ని ఇంజనీర్ అంటారు. ఆవిరి ఇంజన్ల మీద పనిచేసేవాళ్ల కోసం 1930లలో చిప్పెవా, వెస్కో లాంటి కంపెనీలు ఈ బూట్లు చేశాయి. బొగ్గు పారపోసేవాడి కాళ్ల మీద నిప్పురవ్వలు రాలుతుంటాయి. లేసు ఉంటే కాలిపోతుంది, లేదా ఎక్కడో చిక్కుకుంటుంది. అందుకే లేసు తీసేశారు. పాదం పైన ఒక బకిల్, బూటు జారకుండా బిగించడానికి. పిక్క దగ్గర ఇంకో బకిల్, రవ్వలు లోపల పడకుండా మూయడానికి. నిప్పు లోపలికి పోతే ఒక్క లాగుతో బూటు ఊడిపోవాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఓడల యార్డుల్లో వెల్డింగ్ చేసేవాళ్లు కూడా ఇవే వేసుకున్నారు.

యుద్ధం తర్వాత మోటార్‌సైకిల్ నడిపేవాళ్లు వీటిని పట్టుకున్నారు. వేడి సైలెన్సర్ తగిలినా పిక్క కాలదు, గేర్ దగ్గర లేసు చిక్కుకోదు. 1953లో వచ్చిన 'ది వైల్డ్ వన్' సినిమాలో మార్లన్ బ్రాండో వేసుకున్నాక ఇది ఫ్యాషన్ అయిపోయింది. పని బూటు స్టైల్ బూటుగా మారిందక్కడే. ఇప్పుడు షాపుల్లో ఆ ఆకారంలో కనిపించేవాటిలో చాలావాటికి ముందు టోపీ ఉండదు, అడుగున రేకు ఉండదు. ఊళ్లో బుల్లెట్ మీద వేసుకుని తిరగడానికి భేషుగ్గా ఉంటాయి. సైటులో మాత్రం అవి బూట్ల లెక్కలోకి రావు.

తంగేడు చెక్క, మన తోలు

తోలు సంగతికి వస్తే మన పాత్ర చిన్నది కాదు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు మనకందరికీ తెలుసు. ఆ చెట్టు చెక్కతోనే మన మాదిగవాడల్లో తరతరాలుగా తోలు పదును చేశారు. లందలో తోలు నానబెట్టి, ఆరెతో కుట్టి కిర్రు చెప్పులు చేసిన చేతులవి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇలా పదునైన తోలు ఓడల మీద లండన్ వెళ్లింది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల బూట్ల పైభాగానికి ఆ తోలు వాడారు. అలాంటి చెప్పు కుట్టినవాడే దొర గడి ముందుకు రాగానే చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చిన రోజులు మన తాతలు చూశారు. కాలికి రక్షణ అనేది ఎవరో దయతో ఇచ్చేది కాదు, అది మనిషి మర్యాద అని ఆ చరిత్ర చెబుతుంది.

ఈ రోజు సేఫ్టీ బూట్లలో ఎక్కువగా కనిపించేది క్రోమ్ తోలు. మద్రాసులో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ 1903లో ఈ పద్ధతి మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1948లో అక్కడే కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. తెనాలి దగ్గర యలవర్రులో పుట్టిన యలవర్తి నాయుడమ్మ గారు 1958లో దానికి డైరెక్టర్ అయ్యారు. తోలు చదువును ల్యాబులో దాచకుండా పనివాళ్ల దగ్గరికి చేర్చిన మనిషి. 1985 జూన్ 23న కనిష్క విమానం పేలుడులో పోయారు.

చట్టం, స్టాండర్డు

2004 ఏప్రిల్ 20న ఇక్కడ నికోల్ హైవే దగ్గర తవ్వకం కూలి నలుగురు చనిపోయారు. అలాంటి ప్రమాదాల తర్వాత 2006లో వర్క్‌ప్లేస్ సేఫ్టీ అండ్ హెల్త్ చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం భద్రత కోసం యజమాని ఇవ్వాల్సినదానికి మన జీతంలోంచి డబ్బు కోయకూడదు. సేఫ్టీ బూట్లకు డబ్బు కట్ చేస్తామంటే అది మామూలే అనుకోవద్దు.

సింగపూర్‌లో సేఫ్టీ బూట్ల స్టాండర్డు ఎస్ఎస్ 513. ముందు టోపీ 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి. అంటే 20 కిలోల బరువు సుమారు ఒక మీటరు ఎత్తు నుంచి పడినంత. నొక్కుడు అయితే దాదాపు టన్నున్నర. బూటు మీద ఎస్1పీ, ఎస్3 అని ఉంటే అడుగున మేకు దిగకుండా అడ్డు ఉందని అర్థం. ఎస్3 అయితే పైతోలు నీళ్లను కూడా కొంతవరకు ఆపుతుంది, అడుగున పట్టు గాట్లు ఉంటాయి. ఉత్త ఎస్1 అని ఉంటే మేకు అడ్డు లేదన్నమాట. షట్టరింగ్, కడ్డీ పనివాళ్లు ఈ ఒక్క అక్షరం తప్పకుండా చూసుకోవాలి.

మరి ఏది ఎంచుకోవాలి

వెల్డింగ్, గ్రైండింగ్ చేసేవాళ్లకు రైలింజను పాఠమే పాఠం. పొడుగ్గా ఉండి, లేసు లేనిది లేదా లేసు మీద తోలు మూత ఉన్నది మేలు. స్కఫోల్డింగ్ ఎక్కేవాళ్లకు దీనికి ఉల్టా. చీలమండను గట్టిగా పట్టుకునే లేసు బూటు కావాలి. వదులుగా ఉండే ఇంజనీర్ బూటు, బయటికి పొడుచుకొచ్చే బకిల్ నిచ్చెన మీద ప్రమాదం. కాంక్రీటు పోసేవాళ్లకు తోలే వద్దు, మోకాలి దాకా వచ్చే రబ్బరు బూటు కావాలి. తడి సిమెంటుకు గాఢమైన క్షార గుణం ఉంటుంది. లోపల పడితే నొప్పి తెలిసేలోపే చర్మం కాలుతుంది. పడిందా, వెంటనే బూటు విప్పి ధారగా నీళ్లతో కడగాలి.

సైజు సాయంత్రం చూసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పనిలో వేసుకునే మేజోళ్లతోనే తొడగండి. "వాడితే సాగుతుందిలే" అన్న మాట నమ్మొద్దు. తోలు సాగుతుంది గానీ ఇనప టోపీ సాగదు. దిగువకు నడిచినప్పుడు వేళ్లు టోపీకి తగిలితే ఆ సైజు మీది కాదు. స్టోరులో మీ సైజు లేదంటే వచ్చేదాకా అడగండి. ఇరుకు బూటు వేసుకున్నవాడు మధ్యాహ్నానికి మడమ తొక్కి నడుస్తాడు, అలా నడిచేవాడే జారిపడతాడు.

మన్నికకు రెండు మాటలు. అట్టను అంచు పట్టీతో కలిపి కుట్టిన బూటుకు, దీన్నే గుడియర్ వెల్ట్ అంటారు, అడుగు అరిగితే కొత్తది వేయించుకోవచ్చు. సేఫ్టీ బూటుకు అలా వేయించాక పాత గుర్తు చెల్లుతుందో లేదో సేఫ్టీ ఆఫీసరును అడగాలి. అతికించిన అడుగుల్లో చాలావరకు పాలీయురేథేన్ అనే నురుగు పదార్థం. ఇక్కడి గాలి తేమకు అది లోలోపలే కుళ్లుతుంది. వాడకుండా పెట్టెలో దాచినా సరే, కొన్నేళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. కాబట్టి కొత్త జత ఇస్తే ఊరికి తీసుకెళ్దామని దాచొద్దు, వేసుకోండి. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి. ఎండలో, వేడి మిషను మీద పెడితే తోలు పగులుతుంది. రెండు జతలుంటే రోజు మార్చి రోజు వేసుకోండి, రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

టోపీ మీద ఒకసారి గట్టి దెబ్బ పడ్డాక బయటికి బాగానే కనిపించినా ఆ జత పని అయిపోయినట్టే. కొత్తది అడగండి. అడగడానికి మొహమాటం వద్దు.