కాయినాత్ కేసులో రెండో గవాహీ

మా ఉర్దూ మీడియం బడిలో గెలాక్సీని కహ్కషాన్ అనేవారు. ఫార్సీలో కాహ్ అంటే గడ్డి, కషీదన్ అంటే లాగడం. గడ్డిమోపు ఈడ్చుకుపోతే దారి పొడవునా రాలిన పరకల్లా ఉందని మొదట పాలపుంతకు ఆ పేరొచ్చింది. ఈ కహ్కషాన్లు కూడా మనలాగే ఒంటరిగా ఉండలేవు. వందలు, వేలు ఒకచోట చేరి కాపురముంటాయి. ఆ గుంపును ఉర్దూలో ఝుర్ముట్ అంటారు. ఒక్కో ఝుర్ముట్ బరువు కోటి కోట్ల సూర్యుళ్ల నుంచి దానికి పదింతల దాకా ఉంటుంది. గురుత్వాకర్షణ కట్టిపడేసిన వాటిలో ఇంతకంటే పెద్ద బస్తీ కాయినాత్‌లో లేదు. సైన్స్ ముందున్న ఓ పెద్ద కేసులో ఈ బస్తీలే గవాహ్‌లు. ఆ తారీఖే ఈసారి చెప్పుకుందాం.

కేసు 1998లో మొదలైంది. దూరాన పేలిపోయిన నక్షత్రాల వెలుగును రెండు బృందాలు విడివిడిగా కొలిచాయి. కాయినాత్ విస్తరించడమే కాదు, ఆ వేగం పెరుగుతోందని తేల్చాయి. కారణమైన అదృశ్య శక్తికి డార్క్ ఎనర్జీ అని పేరు పెట్టారు. ఉర్దూలో తారీక్ తవానాయీ. తారీఖ్ అంటే చరిత్ర, తారీక్ అంటే చీకటి. కాయినాత్‌లో సుమారు 70 శాతం ఈ చీకటి శక్తేనని లెక్క. 2011లో ఈ పనికి నోబెల్ ఇచ్చారు.

కోర్టు వార్తలు రాసిన రోజుల్లో నేను చూసిందొకటుంది. ఒక్క గవాహ్ ఎంత నిజాయితీపరుడైనా, అతనితో సంబంధం లేని ఇంకొకరు వచ్చి అదే మాట చెబితే కేసుకు బలం వస్తుంది. పేలిన నక్షత్రాలు దూరాల సంగతి చెప్పాయి. ఝుర్ముట్లు చెప్పేది వేరే సంగతి.

దావత్‌కు పిలిస్తే జనం వచ్చి చేరుతుంటారు. కానీ వాళ్లు నడుస్తుండగానే ఆంగన్ నాలుగు వైపులా సాగిపోతే? దగ్గరున్నవాళ్లు చేరతారు, దూరంగా ఉన్నవాళ్లు ఎంత నడిచినా అందుకోలేరు. ఇక్కడ పిలిచేది గురుత్వాకర్షణ, ఆంగన్‌ను సాగదీసేది డార్క్ ఎనర్జీ. దూరపు ఝుర్ముట్ నుంచి మనకు అందే రోష్నీ పాత జమానాది. కాబట్టి దూరదూరాల్లో లెక్కబెడితే ఏ జమానాలో ఎన్ని బస్తీలు తామీర్ అయ్యాయో తెలుస్తుంది. తామీర్ ఎక్కడ మందగించిందో అక్కడ ఆ శక్తి పట్టు దొరుకుతుంది.

మరి లెక్కబెట్టేదెలా? 1933లో ఫ్రిట్జ్ జ్వికీ కోమా అనే ఝుర్ముట్‌లో కహ్కషాన్ల వేగం చూసి, కంటికి కనబడని పదార్థం చాలా ఉండాలన్నాడు. అది డార్క్ మ్యాటర్. పేరు దగ్గరగా ఉన్నా పని వేరు: అది దగ్గరకు లాగేది, ఇది దూరం చేసేది. 1958లో జార్జ్ ఏబెల్ పాలొమార్ అబ్జర్వేటరీ ఫొటో పలకలను కళ్లతో వెతికి 2,712 ఝుర్ముట్ల జాబితా ఇచ్చాడు. కానీ దూరం పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, లెక్క తప్పుతుంది.

దారి చూపినవాడు రషీద్ సున్యాయెవ్. 1943లో తాష్కెంట్‌లో పుట్టిన తాతార్ బిడ్డ. మాస్కోలో ఉస్తాద్ యాకోవ్ జెల్దోవిచ్‌తో కలిసి 1970ల మొదట్లో ఒక మాట చెప్పాడు. కాయినాత్ పుట్టిన 3.8 లక్షల ఏళ్లకు బయల్దేరిన పురాతన రోష్నీ ఇప్పటికీ అన్ని దిక్కుల నుంచీ వస్తోంది. అది దారిలో ఝుర్ముట్‌లోని కోట్ల డిగ్రీల వేడి వాయువు గుండా వస్తే కాస్త మారుతుంది. కొన్ని రేడియో తరంగాల్లో చూస్తే అక్కడొక నీడ పడుతుంది. ఈ నీడ దూరాన్నిబట్టి పలచబడదు. దగ్గరి బస్తీదైనా, ఆఖరి అంచున ఉన్నదైనా అంతే. అయితే ఆ మార్పు వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదు. ఆ నీడ ఆధారంగా కొత్త ఝుర్ముట్లను పట్టడం 2008లో గానీ కుదరలేదు. దక్షిణ ధ్రువంలోని 10 మీటర్ల టెలిస్కోపు ఆ పని చేసింది. అంత సబర్ కావాలి ఇల్మ్‌కు.

అదే ఏడాది డిసెంబరులో అలెక్సీ విఖ్లినిన్ బృందం చంద్రా ఎక్స్‌రే టెలిస్కోపుతో 86 ఝుర్ముట్లను తూచి ఫలితం చెప్పింది. తామీర్ నిజంగానే మందగించింది. రెండో గవాహ్ మొదటి గవాహ్‌తో ఏకీభవించాడు.

జిరహ్ లేకుండా గవాహీ చెల్లదు కదా. 2013లో ప్లాంక్ ఉపగ్రహం లెక్క చూస్తే ఝుర్ముట్లు అనుకున్నదానికంటే తక్కువగా తేలాయి. తప్పు కాయినాత్‌దా, తరాజుదా? బరువు సరిగ్గా తూచకపోతే ఎంత లెక్కబెట్టినా హిసాబ్ తప్పే. అందుకే వెనకనున్న కహ్కషాన్ల ఆకారాలు ఝుర్ముట్ బరువుకు ఎంత వంకర పోతున్నాయో చూసి తూచడం మొదలుపెట్టారు.

2019లో జర్మనీ టెలిస్కోపు ఈరోసిటా రష్యా అంతరిక్ష నౌకలో వెళ్లింది. రష్యా వైపు ఈ పనికి పెద్ద దిక్కు సున్యాయెవే. ఆకాశాన్ని ఎనిమిదిసార్లు జల్లెడ పట్టాలని, దొరికింది రెండు దేశాలూ చెరి సగం పంచుకోవాలని ఒప్పందం. నాలుగుసార్లు పూర్తయింది. ఐదోసారి సగం కాకముందే, 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి జరగడంతో జర్మనీ దాన్ని ఆపేసింది. మొదటి చుట్టులో జర్మనీ వాటా సగం ఆకాశం నుంచే ఎస్రా బుల్బుల్ నాయకత్వంలో 12,247 ఝుర్ముట్ల జాబితా 2024లో వచ్చింది. అందులో 5,259తో వేసిన లెక్క, డార్క్ ఎనర్జీ కాలంతో మారదన్న వాదానికి సరిపోయింది. అదే ఏడాది డేసీ అనే మరో సర్వే ఆ శక్తి మారుతుండొచ్చని సూచన ఇచ్చింది. రెండో గవాహ్ గొంతు ఇప్పుడే బాగా వినబడాలి. ఇప్పుడే దుర్బీన్ మూతపడి ఉంది.

తాష్కెంట్ ఉన్న ఆ ఉజ్బెకిస్తాన్ నేలమీదే, సమర్‌ఖంద్‌లో, ఉలుగ్ బేగ్ రసద్‌గాహ్ కట్టాడు. 1437 నాటికి 1,018 నక్షత్రాల జాబితా సిద్ధమైంది. 1449లో కన్నకొడుకే ఆయన్ని చంపించాడు, రసద్‌గాహ్ పాడుబడింది. కానీ షాగిర్ద్ అలీ ఖుష్జీ ఆ ఇల్మ్‌ను వెంటబెట్టుకుని చివరికి ఇస్తాంబుల్ చేరాడు. ఆ జాబితా 1665లో ఆక్స్‌ఫర్డ్‌లో అచ్చయింది. తఖ్తులు పోయినా లెక్క మిగిలింది. అలాగే ఈరోసిటా రాసుకున్న నాలుగు చుట్ల లెక్క కూడా మిగిలే ఉంది. కాకపోతే రాయకుండా పోయిన మిగతా చుట్లను ఏ అలీ ఖుష్జీ మోసుకురాలేడు. మళ్లీ ఎవరో ఒకరు దుర్బీన్ తెరిచి, మొదటినుంచి లెక్కబెట్టాల్సిందే.