ల్యాప్‌టాప్ కంప్యూటరు – స్వామ్యవిచారము



కళాశాలకు పోవు పిల్లలున్న ఇండ్లలో నేడు ల్యాప్‌టాప్ కంప్యూటరు తరచుగా కానవచ్చుచున్నది. ధాన్యమమ్మిన సొమ్ములోనుండి యొక పాలు తీసి తండ్రి దానిని కొని యిచ్చును. మూడు నాలుగేండ్లు గడచునప్పటికి అది మందగించును. మా మనుమని యంత్రమునకు ఇట్టి యవస్థయే కలిగినది. జ్ఞాపకము చాలుటలేదు, పెంచవలెనని దానిని దుకాణమునకు గొనిపోతిమి. బాగుచేయు యువకుడు అడుగుపలక విప్పి చూచి, “తాతగారూ, దీంట్లో ర్యామ్ బోర్డుకే అతికించేశారండి. తీయడానికి వీల్లేదు. పెంచాలంటే కొత్త మెషినే కొనుక్కోవాలి” అనెను.

యంత్రము చెడలేదు. తెర వెలుగుచునే యున్నది. మీటలు పనిచేయుచునే యున్నవి. ఒక్క యవయవము చాలనందున తక్కినదంతయు త్రోసివేయవలసి వచ్చినది. ఇంటికి మరలివచ్చుచు నాలో నేననుకొంటిని: సొమ్ము మనము చెల్లించితిమి, రసీదు మన పేర వ్రాసిరి, అయినను ఈ యంత్రమునకు స్వాములము మనమేనా?

ఈ ప్రశ్న మన శాస్త్రములకు క్రొత్త కాదు. స్వత్వమనగా నేమి యని నైయాయికులును ధర్మశాస్త్రకారులును చిరకాలము చర్చించిరి. వస్తువును యథేష్టముగా వినియోగించుకొనుటకు తగియుండుటయే స్వత్వమని యొక పక్షము. రఘునాథ శిరోమణి దీనిని ఆక్షేపించి స్వత్వము ప్రత్యేక పదార్థమేయని వాదించెను. కల్యాణి చాళుక్యుల కాలమున మితాక్షర రచించిన విజ్ఞానేశ్వరుడు స్వత్వము లౌకికమని, అనగా లోకవ్యవహారమునుబట్టి తెలియదగినదని, సిద్ధాంతము చేసెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. ఆ వాదములలోనికి దిగుట నేటి యుద్దేశము కాదు, లోకవ్యవహారమునుబట్టియే చూతము. ఎడ్లబండి కొన్న రైతు ఇరుసు విరిగినచో వడ్రంగిని పిలుచును. చక్రపు ఇనుపపట్టా వదులైనచో కమ్మరికి చెప్పును. బండి అమ్మినవాని యనుమతి కోరడు. ల్యాప్‌టాప్ విషయమున కొన్నవానికి ఇట్టి యధికారము మొదట నెట్లుండెనో, నడుమ నెట్లు పోయెనో, మరల నెట్లు వచ్చుచున్నదో విన్నవించెదను.

ముందుగా యంత్రాంగములను గూర్చి రెండు మాటలు. మదర్‌బోర్డు అను పలకపై లెక్కచేయు ప్రాసెసరుండును. ర్యామ్ అనునది పని జరుగునంతసేపు వాడుకొను తాత్కాలిక జ్ఞాపకము. విద్యుత్తు పోగానే చెరగిపోవును గనుక బడిపిల్లవాని పలకవంటిది. డిస్కు శాశ్వతముగా దాచుకొనునది; పుస్తకముల పెట్టెవంటిది. తెర, మీటల పలక, బ్యాటరీ తక్కిన యంగములు. వీనిలో కాలక్రమమున చాలకపోవునవి ర్యామును డిస్కును. వాడుకచేతనే అరిగిపోవునది బ్యాటరీ. కావున ఈ మూడింటిని మార్చుకొనుటకు వీలున్నదా లేదా యనుటలోనే యంత్రము ఆయువంతయు నున్నది.

చేతబట్టుకొని పోదగిన కంప్యూటరు వ్యాపారమున గెలుపొందుట 1981 ఏప్రిల్ నెలలో ఆస్బోర్న్-1 అను యంత్రముతో మొదలయ్యెను. దాని బరువు సుమారు 11 కిలోగ్రాములు, తెర 5 అంగుళములు, వెల 1,795 డాలర్లు. దానిని అమెరికాలో నిర్మింపజేసిన ఆడం ఆస్బోర్న్‌కు మన దక్షిణదేశముతో సంబంధము గలదు. ఆయన తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్ రమణమహర్షి భక్తుడు. మహర్షిని గూర్చి గ్రంథములు రచించినవాడు. ఆడం 1939లో బాంకాకు నగరమున జన్మించి, బాల్యమును అరుణాచలమున గడపెను. ఆయన కంపెనీ 1983లో దివాలా తీసెను. ఆరోగ్యము చెడిన పిదప ఆయన భారతదేశమునకు మరలివచ్చి 2003లో కొడైకెనాలులో మరణించెను.

అదే 1981 ఆగస్టు నెలలో ఐబీఎం కంపెనీ తన పర్సనల్ కంప్యూటరును వెలువరించెను. ఇది బల్లమీద నుంచునదే యైనను మన కథకు ముఖ్యము. దానిలో అదనపు పలకలు గ్రుచ్చుకొనుటకు 5 గాడులుండెను. అంతేగాక యంత్రములోని విద్యున్మార్గముల పటములను ఆ కంపెనీ పుస్తకముగా ముద్రించి యమ్మెను. ఎవరైన నూతనాంగమును చేసి దానికి తగిలింపవచ్చును. ఈ బహిరంగత వలన ఐబీఎం యంత్రముతో సరిపడు యంత్రములను ఇతరులును చేయసాగిరి. కాంపాక్ కంపెనీ 1982 నవంబరులో ప్రకటించిన పోర్టబుల్ యంత్రము అట్టిదే. అది కుట్టుమిషనంత బరువైనను, కొన్నవాడు దానిని విప్పి పలకలు మార్చుకొనగలిగెను.

నేడు మనమెరిగిన యాకారము, అనగా పుస్తకమువలె తెరచి మూయు రూపము, 1982లో గ్రిడ్ కంపాస్ అను యంత్రముతో వచ్చెను. రూపకల్పన చేసినవాడు బిల్ మాగ్రిడ్జ్ అను ఆంగ్లేయుడు. బరువు సుమారు 5 కిలోగ్రాములే. వెల మాత్రము 8,150 డాలర్లు. అమెరికావారి అంతరిక్షనౌకలలో సైతము దానిని వాడిరి. యంత్రము చిన్నదగుకొలది అంగములను కుదించి యిరికింపవలసి వచ్చెను. ప్రతి కంపెనీయు తన కొలతలను తానే నిర్ణయించుకొన్నచో ఒకరి యంగము మరియొకరి యంత్రమున నమరదు. ఈ చిక్కును గుర్తించి 1989లో పెక్కు కంపెనీలు పీసీఎంసీఐఏ అను సంఘముగా నేర్పడి, మరుసటి యేట పేకముక్క పరిమాణము గల కార్డునకు ఉమ్మడి కొలత నిర్ణయించెను. తరువాత ర్యామునకు సో-డిమ్ అను ఉమ్మడి కొలతయు, డిస్కునకు రెండున్నర అంగుళముల కొలతయు వాడుకలోనికి వచ్చినవి.

ఉమ్మడి కొలత యనునది చిన్న విషయముగా దోచవచ్చును. కాని కొన్నవాని స్వాతంత్ర్యమునకు అదియే మూలము. కుంచము ఊరంతటికి నొకటే యైనప్పుడే కదా సంతలో రైతు మోసపోకుండును! ఐబీఎంవారు 1992లో వెలువరించిన థింక్‌ప్యాడ్ పరంపర యీ పద్ధతికి చక్కని యుదాహరణము. అందలి పెక్కు యంత్రములలో బ్యాటరీ గడియ జరుపగానే ఊడివచ్చును. అడుగున చిన్న మూత తీసినచో ర్యామ్ చేతికందును. ఏ స్క్రూ తరువాత ఏ స్క్రూ తీయవలెనో బొమ్మలతో తెలుపు పుస్తకములను కంపెనీయే ప్రకటించెను. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి అంగళ్లలో పాత యంత్రములకు ర్యామ్ పెంచి, డిస్కు మార్చి, మరల వాడుకలోనికి దెచ్చు వృత్తి వర్ధిల్లుటకు ఇట్టి యమరికయే కారణము.

పిమ్మట గాలి మారినది. 2008 జనవరిలో ఆపిల్ కంపెనీ నాయకుడు స్టీవ్ జాబ్స్ సభలో నిలిచి, కాగితపు కవరులోనుండి మాక్‌బుక్ ఎయిర్ అను యంత్రమును వెలికిదీసెను. లోకము దాని సన్నదనమునకు విస్తుపోయెను. ఆ యంత్రమున ర్యామ్ మదర్‌బోర్డునకే అతుకబడి యుండెను. బ్యాటరీని బయటినుండి తీయుటకు వీలులేదు. 2012లో అదే కంపెనీ తెచ్చిన క్రొత్త మాక్‌బుక్ ప్రోలో ర్యామును అతికించుటయేగాక బ్యాటరీని జిగురుతో నంటించిరి. ఇతర కంపెనీలును పెక్కు నమూనాలలో ఈ మార్గమునే త్రొక్కినవి.

ఇందు వ్యాపారుల లోభమే కారణమనుట న్యాయము కాదు. గ్రుచ్చి తీయు అమరిక చోటును కోరును. అల్పవిద్యుత్తుతో మిక్కిలి వేగముగా పనిచేయు ర్యామ్ ప్రాసెసరునకు చేరువగా నుండినగాని సరిగా నడువదు. సన్నదనమును, తేలికదనమును, ఎక్కువసేపు నడచు బ్యాటరీని కోరినది కొనుగోలుదారులే. కాని ఆ లాభములకు ప్రతిగా మనమేమి యిచ్చుచున్నామో అంగడిలో నెవరును చెప్పలేదు. ఇచ్చినది యంత్రము సగమాయువు.

దీనికి ప్రతిక్రియయు లేకపోలేదు. అమెరికాలో కైల్ వీన్స్ అను విద్యార్థి తన ల్యాప్‌టాప్‌ను బాగుచేసికొనదలచి, అందులకు దారిచూపు పుస్తకము లభింపక, మిత్రుడగు ల్యూక్ సౌల్స్‌తో గూడి 2003లో ఐఫిక్సిట్ అను సంస్థను స్థాపించెను. యంత్రములను విప్పు విధానములను వారు ఇంటర్నెట్టులో వెల లేకుండ ప్రకటించుచు వచ్చిరి.

తరువాత నీరవ్ పటేల్ అను ఇంజనీరు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రేమ్‌వర్క్ అను కంపెనీ నెలకొల్పెను. 2021లో వారు వెలువరించిన ల్యాప్‌టాప్‌తోపాటు పెట్టెలో స్క్రూడ్రైవరు గూడ నుండెను. అడుగున 5 స్క్రూలు సడలించిన మీటల పలక పైకి వచ్చును. ర్యామ్, డిస్కు, బ్యాటరీ, తెర – దేనికది విడిగా మార్చుకొనవచ్చును. ప్రక్కలనుండు 4 గాడులలో ఏ తీగకు ఏ ద్వారము కావలెనో కొన్నవాడే యేర్పరచుకొనును. ర్యామును డిస్కును లేకుండ కొని, తానే బజారున సంపాదించి అమర్చుకొను వీలును కల్పించిరి.

ఇవి ప్రకటనలోని మాటలుగా నిలిచిపోలేదు. 2022లో క్రొత్త ప్రాసెసరు గల మదర్‌బోర్డు వచ్చినప్పుడు, తొలియేట కొన్నవారు పెట్టె, తెర, మీటలు అవే యుంచుకొని ఆ పలకను మాత్రము మార్చుకొనగలిగిరి. 2023లో మరియొక కంపెనీ, అనగా ఏఎండీ వారి ప్రాసెసరు గల పలకయు ఆ పెట్టెలోనే యమరెను. తీసిన పాత పలకను విడి కంప్యూటరుగా వాడుకొనుటకు కావలసిన కొలతలను గూడ వారు బహిరంగముగా ప్రకటించిరి.

లోపములు లేవనను. ఆ ఏఎండీ పలకకు పాత ర్యామ్ సరిపడదు. డీడీఆర్-5 అను క్రొత్త తరగతి ర్యామ్ గూడ కొనవలెను. 2025లో అదే కంపెనీ బల్లమీది కంప్యూటరొకటి తెచ్చినప్పుడు, ప్రాసెసరు వేగమునకై అందు ర్యామును తామును అతికించితిమని చెప్పుకొనవలసి వచ్చెను. అతికింపకయే వేగము సాధించు మార్గమును వెదకుచు డెల్ కంపెనీ 2022లో క్యామ్ అను క్రొత్త ర్యామ్ అమరికను తెచ్చెను. దానిననుసరించి 2023 డిసెంబరులో జెడెక్ అను ప్రమాణసంస్థ ఉమ్మడి కొలతను ప్రకటించెను. సన్నదనమునకును స్వామ్యమునకును పొత్తు కుదుర్చుట అసాధ్యము కాదని దీనివలన దెలియుచున్నది.

రాజ్యశాసనములును కదలినవి. 2023లో ఐరోపా సమాఖ్య చేసిన శాసనమున, వాడుకరియే బ్యాటరీని తీసి మార్చుకొనునట్లు పరికరములుండవలెనను నియమమును 2027 ఫిబ్రవరి నుండి వర్తించునట్లు విధించిరి. మన దేశమున 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారముల శాఖ మరమ్మతు హక్కును గూర్చి సంఘము నియమించెను. అది ముందుగా గైకొన్న రంగములలో వ్యవసాయ పరికరములు, సెల్‌ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు గలవు. కావున ఇది కళాశాల పిల్లల గొడవ మాత్రమే కాదు. ట్రాక్టరు గల ప్రతి రైతుకును సంబంధించినది.

త్రోసివేసిన యంత్రముల గతి యేమి? ఐక్యరాజ్యసమితి వారి 2024 నివేదిక ప్రకారము 2022లో లోకమున 6.2 కోట్ల టన్నుల విద్యుత్పరికరములు చెత్తయైనవి. వానిలో సక్రమముగా సేకరింపబడి మరల లోహములుగా మారినట్లు లెక్కకు వచ్చినవి నూటికి 22.3 వంతులే. తక్కినదానిలో నెంతయో మన నేలకును నీటికిని చేటగుచున్నది.

కావున పెద్దలకు నా మనవి యిది. పిల్లలకు యంత్రము కొనునప్పుడు వెలయు రంగును మాత్రమే చూడక, అంగడివానిని నాలుగు మాటలడుగుడు. ర్యామ్ పెంచుకొనుటకు గాడి యున్నదా, లేక అతికించినదా? డిస్కు మార్చవచ్చునా? మూడేండ్ల తరువాత బ్యాటరీ విడిగా దొరకునా? విప్పు విధమును తెలుపు పుస్తకమును కంపెనీ ప్రకటించినదా? ర్యామ్ అతికించినదే యైనచో మొదటనే అధికముగా నున్నది గైకొనుట మేలు. తరువాత పెంచుట మనచేతిలో నుండదు.

మా మనుమనికి కడకు పాత థింక్‌ప్యాడు నొకదానిని కొని, ర్యామును డిస్కును వానిచేతనే మార్పించితిమి. చేతులు వణకుచుండగా మూత తీసి, ర్యామ్ పలకను గాడిలో నుంచి మెల్లగా నొక్కెను. అది టక్కున కూర్చుండిన చప్పుడు విని వాడు నావైపు చూచి నవ్వెను. రసీదు మీద పేరు నాది. అయినను యంత్రము వానిదైనది ఆ క్షణముననే యని నాకు దోచినది.

స్వస్తి.