నూట ముప్పై డాలర్ల సంతకం

1938 మార్చి. అమెరికాలోని క్లీవ్‌లాండ్. న్యూయార్క్ ప్రచురణ సంస్థ పంపిన ఒప్పంద పత్రం ఇద్దరు స్నేహితుల చేతికొచ్చింది. కథ రాసేది జెర్రీ సీగెల్, బొమ్మలు గీసేది జో షుస్టర్. హైస్కూల్లో మొదలైన జోడీ. ఇద్దరికీ ఇరవై మూడేళ్లు.

13 పేజీల బొమ్మల కథకు పేజీకి 10 డాలర్ల చొప్పున 130 డాలర్లు. లెక్క సూటిగానే ఉంది. ఆ డబ్బుకు బదులుగా ఏం ఇస్తున్నారన్నదే అసలు సంగతి. కథ, శీర్షిక, అందులోని పాత్రలు, వాటికి వచ్చే మంచి పేరుతో సహా సర్వం సంస్థకే, శాశ్వతంగా.

ఆ పాత్ర పేరు సూపర్‌మ్యాన్.

వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. ఏళ్ల తరబడి ఆ కథను పట్టుకుని పత్రికల చుట్టూ తిరిగారు. అందరూ వద్దన్నారు. అంతకు ముందు పని చేయించుకున్న ప్రచురణకర్త డబ్బుల కోసం తిప్పించుకున్నాడు. చివరికి ఒకరు సరేనన్నారు, అదీ త్వరగా కావాలన్నారు. వార్తాపత్రికల కోసం అడ్డంగా గీసిపెట్టుకున్న బొమ్మలను ముక్కలుగా కత్తిరించి, పుస్తకం పేజీకి సరిపడేలా మళ్లీ అతికించి పంపారు. ఆ స్థితిలో ఉన్నవాడు షరతుల గురించి మాట్లాడితే ఉన్న ఒక్క అవకాశమూ పోతుందేమోనని భయపడతాడు. ఆ భయం నాకు అర్థమవుతుంది.

సంతకాలు పెట్టారు. మార్చి 1 తేదీతో 412 డాలర్ల చెక్కు వచ్చింది. అందులో పాత బాకీలు పోను సూపర్‌మ్యాన్ వాటా 130. చెక్కు మీద ఇద్దరి పేర్లూ తప్పుగా పడ్డాయి. అందుకని వెనకవైపు తప్పు పేర్లతో ఒకసారి, అసలు పేర్లతో మరోసారి సంతకం చేయాల్సి వచ్చింది.

ఆ కథ అచ్చయిన యాక్షన్ కామిక్స్ పత్రిక తొలి సంచిక వెల 10 సెంట్లు. కొద్ది నెలల్లోనే సూపర్‌మ్యాన్ కోసం జనం ఎగబడ్డారు. అప్పుడు వీళ్లు మెరుగైన షరతులు అడిగారు. పాత్ర తమదేనని సంస్థ గుర్తుచేసింది. తర్వాత కొన్నేళ్లు పేజీల లెక్కన వాళ్లు బాగానే సంపాదించారు, ఆ మాట దాచడం న్యాయం కాదు. కానీ 1947లో హక్కుల కోసం కోర్టుకెక్కేసరికి పని పోయింది. 1948లో దాదాపు 94 వేల డాలర్లకు రాజీ కుదిరింది. సూపర్‌మ్యాన్ పుస్తకాల మీంచి వాళ్ల పేర్లు మాయమయ్యాయి.

ఈ కథను మన దగ్గర బొమ్మలు గీసేవాళ్లు, అనువాదాలు చేసేవాళ్లు, స్క్రిప్టులు రాసేవాళ్లు తప్పక చదవాలి. రేటు దగ్గర గంటసేపు బేరమాడి, ‘ఎప్పటికీ, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అనే వాక్యం దగ్గర గబగబా సంతకం పెట్టేస్తున్నాం. మన కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం, హక్కుల బదిలీ పత్రంలో గడువు రాయకపోతే దాన్ని 5 ఏళ్లుగానే లెక్కిస్తారు. ఏ ప్రాంతమో రాయకపోతే భారతదేశం వరకే. ‘ఎప్పటికీ’ అని రాసి ఇచ్చాక మాత్రం ఈ వెసులుబాటు అక్కరకు రాదు. కాబట్టి ఆ మాట కొట్టేసి ఎన్నేళ్లో రాయమనాలి. పుస్తకానికని గీసిన బొమ్మను రేపు ఆటబొమ్మల కంపెనీకి ఇస్తే అదనంగా ఎంత ఇస్తారో అడగాలి. ఇదంతా పని అప్పగించకముందే మాట్లాడుకోవాలి, ఎందుకంటే అప్పటిదాకా అవతలివాళ్లకు మన అవసరం ఉంటుంది.

1975 నాటికి షుస్టర్‌కు చూపు దాదాపు పోయింది. సీగెల్ లాస్ ఏంజిలిస్‌లో చిన్న గుమాస్తా ఉద్యోగం చేస్తున్నాడు. సూపర్‌మ్యాన్ మీద భారీ సినిమా తీస్తున్నారని తెలిసి, కడుపుమంటతో పత్రికలకు పెద్ద లేఖ రాశాడు. చిత్రకారులు నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ వాళ్ల పక్షాన నిలబడి, అప్పటికి ఆ ప్రచురణ సంస్థకు యజమాని అయిన వార్నర్ సంస్థతో చర్చలకు దిగారు. ఈసారి బేరమాడినవాళ్లకు అనుభవం ఉంది, వెనక పత్రికల ఒత్తిడి ఉంది. ఇద్దరికీ చెరో 20 వేల డాలర్ల వార్షిక భృతికి సంస్థ ఒప్పుకుంది.

అయినా రాబిన్సన్ వదల్లేదు. సృష్టికర్తలుగా వాళ్ల పేర్లు వేయాల్సిందేనని పట్టుబట్టాడు. ఆ ఏడాది డిసెంబరులో ఒప్పందం కుదిరింది. 1978లో వచ్చిన సినిమా టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ పడ్డాయి. హక్కులు మాత్రం వాళ్ల జీవితకాలంలో చేతికి రాలేదు. షుస్టర్ 1992లో, సీగెల్ 1996లో కన్నుమూశారు. ఆ తర్వాత కూడా వారసుల దావాలు ఏళ్ల తరబడి నడిచాయి.